పుటాకార దర్పణం: తెర మీద ప్రతిబింబం పడటం లేదు

తెరముందు:
దర్పణం (లోపలికి గుంటగా వంగిన అద్దం) నాభ్యంతరం, అంటే సమాంతర కిరణాలు కలిసే బిందువుకు (నాభికి) ఉన్న దూరం, 20 సెం.మీ. కొవ్వొత్తి 15 సెం.మీ. దూరంలో పెట్టి, తెరను ఎంత జరిపినా ఏమీ పడటం లేదు. 3 మీటర్ల దూరంలోని కిటికీ ప్రతిబింబాన్ని తెర మీద పట్టి కొలిస్తే నాభ్యంతరం 21.4 వస్తోంది. ఇంకోటి, మామూలు అద్దంలో మంట పక్కనే మసకగా రెండో మంట ఎందుకు?

నాభి20:
15 అంటే నాభికీ ధ్రువానికీ (దర్పణం మధ్య బిందువుకీ) మధ్య. పరావర్తన కిరణాలు విడిపోతూ పోతాయి, తెర మీద ఎక్కడ కలుస్తాయి? దర్పణంలోకే చూడండి: 60 సెం.మీ. వెనక, నాలుగింతలు, నిటారుగా. తెర మీద కావాలంటే మంట 30 దగ్గర, తెర 60 దగ్గర. తలకిందులుగా, రెట్టింపు సైజులో పడుతుంది. కొవ్వొత్తిని అక్షానికి (దర్పణం మధ్య నుంచి నాభి గుండా పోయే గీతకు) కాస్త పక్కకు జరపండి, లేకపోతే తెరకు అదే అడ్డం.

వక్రరేఖ:
21.4 తప్పు కొలత కాదు. 3 మీటర్లకు దర్పణ సూత్రం ఇచ్చే ప్రతిబింబ దూరమే అది. వస్తువు నాభ్యంతరానికి వంద రెట్ల దూరంలో ఉన్నా 20.2 వస్తుంది. కిటికీని "అనంత దూరం" అనుకోవడమే పొరపాటు.

సమతలం:
పనిలో పనిగా, అద్దం కుడి ఎడమలు మారుస్తుందని పిల్లలకు నేర్పడం ఆపండి. అది మార్చేది ముందూ వెనకలను.

పార్శ్వం:
పుస్తకాల్లో పార్శ్వ విలోమం (కుడి ఎడమల తారుమారు) అని ఉంది కదా! అద్దంలో 3 గంటలు 9 లా కనబడుతుంది.

సమతలం:
పారదర్శక కాగితం మీద "క" రాసి, అక్షరం మీకు సరిగ్గా కనబడేలా అద్దం ముందు పట్టుకోండి. అద్దంలోనూ సరిగ్గానే ఉంటుంది. మామూలు కాగితాన్ని అద్దం వైపు తిప్పేది మీ చెయ్యి, తారుమారు అక్కడే జరుగుతోంది.

పార్శ్వం:
మనిషి తిరగలేదుగా! కుడి చెయ్యి ఎత్తితే ఎడమ చెయ్యి లేస్తుంది.

సమతలం:
తూర్పు చెయ్యి ఎత్తితే అద్దంలోనూ తూర్పు చెయ్యే లేస్తుంది. ఎదురుగా ఇంకో మనిషి నిలబడ్డాడనుకుని దానికి ఎడమ అని పేరు పెడుతున్నది మీరు. చేసి చూడకుండా వాదించకండి.

రుద్దుడుబల్ల:
దర్పణాలు రుద్దడమే నా పని. అంచుల సంగతి మీలో ఒక్కరూ ఎత్తలేదు. దర్పణం 10 సెం.మీ. వెడల్పుంటే అంచు కిరణాలు నాభికి 1.6 మి.మీ. ముందే అక్షాన్ని తాకుతాయి, అందుకే ప్రతిబింబం అలుక్కుపోతుంది. నల్ల కాగితంలో 4 సెం.మీ. రంధ్రం చేసి తగిలించండి, తేడా పావు మి.మీ.కు దిగుతుంది.

పార్శ్వం:
అంత మూస్తే ప్రతిబింబంలో ముక్కే కనబడుతుంది.

రుద్దుడుబల్ల:
కాదు! మంటలోని ప్రతి బిందువు నుంచీ కిరణాలు దర్పణమంతటా పడతాయి. బొమ్మ పూర్తిగానే ఉంటుంది, వెలుగు ఆరో వంతుకు తగ్గుతుంది. గది చీకటి చేసుకోవాలి.

తెరముందు:
30, 60 కుదిరింది. రెండో మంట సంగతి ఎవరూ చెప్పలేదు.

నాభి20:
గాజు ముందు తలమే దాదాపు 4 శాతం కాంతిని తిప్పికొడుతుంది, మిగతాది వెనక పూత నుంచి వస్తుంది. ఏటవాలుగా చూస్తే రెండూ విడిగా కనబడతాయి. ముందు వైపు పూత ఉన్న దర్పణంలో ఇది ఉండదు. దాన్ని మాత్రం పొడిగుడ్డతో తుడవకండి, పూత గీరుకుపోతుంది.