1923 నాటి వంద కోట్ల మార్కుల నోటుపై ఉన్న ఎర్ర ముద్ర అసలైనదేనా?

పాత జర్మన్ నోట్ల గురించి తెలిసినవారు దయచేసి సహాయం చేయగలరు.

1922 డిసెంబరు 15 తేదీ గల వెయ్యి మార్కుల నోటు ఒకటి ఇటీవల నా సేకరణలో చేరింది. దానిపై వంద కోట్ల మార్కులు అని ఎర్ర సిరాతో అడ్డంగా ముద్రించి ఉంది. 1923 జనవరిలో ఫ్రెంచి, బెల్జియం సేనలు జర్మనీ పారిశ్రామిక కేంద్రమైన రూర్ ప్రాంతాన్ని ఆక్రమించాక, నిరసనగా పని మానివేసిన కార్మికులకు వేతనాలు చెల్లించేందుకు జర్మన్ ప్రభుత్వం విపరీతంగా నోట్లు అచ్చువేయడంతో, నవంబరు నాటికి డాలరు విలువ 4.2 లక్షల కోట్ల మార్కులకు చేరింది. ధరల వేగాన్ని అందుకోలేక జర్మనీ కేంద్ర బ్యాంకు అయిన రైష్‌బ్యాంక్ పాత నోట్లపైనే కొత్త విలువలను ముద్రించింది. ఒక దేశ ప్రజల పొదుపంతా కరిగిపోయిన ఆ రోజులకు ఈ కాగితం సాక్ష్యం కనుకనే, దాని ధర కంటే ప్రామాణికత నాకు ముఖ్యం.

ఎర్ర ముద్రను తరువాతి కాలంలో ఎవరైనా వేశారేమో భూతద్దంతో ఎలా గుర్తించాలి? సిరా కాగితంలోకి ఇంకిన తీరు చాలునా, లేక నీటిగుర్తును (వాటర్‌మార్క్), వరుస సంఖ్యను కూడా చూడాలా? అప్పట్లో ప్రైవేటు ముద్రణాలయాలు కూడా నోట్లు అచ్చువేసినందున, చిన్న తేడాలన్నీ నకిలీకి గుర్తులు కాకపోవచ్చని నా అభిప్రాయం.

జర్మనీలోని బీలెఫెల్డ్ నగరం పట్టుగుడ్డపై ముద్రించిన అత్యవసర నోట్లను (రైష్‌బ్యాంక్ కాక, స్థానికంగా జారీ చేసినవి) కూడా సేకరించాలని ఉంది. మన తేమ వాతావరణంలో గుడ్డనూ కాగితాన్నీ ఒకే ఆల్బమ్‌లో భద్రపరచవచ్చునా?