ఏడు నెలల పాపతో గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో

సంక్రాంతికి సికింద్రాబాద్ నుంచి విశాఖ, అమ్మ వాళ్లింటికి వెళ్తున్నాం. పాపకు 7 నెలలు, రైలెక్కడం ఇదే మొదటిసారి. రెండూ పై బెర్తులే వచ్చాయి. పాపకు టికెట్ తీయాలా? తిండి ఎలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: 5 ఏళ్లలోపు పిల్లలకు విడిగా బెర్తు అడగకపోతే టికెట్ అక్కర్లేదమ్మా. పై బెర్తులో మాత్రం పాపతో పడుకోవద్దు. ఎక్కగానే కింద బెర్తు వాళ్లని అడగండి, చంటిపిల్లని చూసి చాలామంది ఇచ్చేస్తారు.

జవాబు 2: ఉగ్గు ఇంట్లోనే తినిపించి బయల్దేరండి. రాత్రికి మీ పాలు చాలు. మా బాబు రాజమండ్రి వంతెన మీద చప్పుడుకి ఉలిక్కిపడి గుక్కపట్టాడు. మా అమ్మ పాత నేత చీర చుట్టి గుండెకు ఆనించుకుంటే, కొంగు గుప్పిట్లో పట్టుకుని మళ్లీ నిద్రపోయాడు.

అడిగినవారు: అమ్మ చీర ఒకటి నా దగ్గరుందండీ. ఇప్పుడే బ్యాగులో పెట్టాను.