రెండో స్తంభంలో ముడిచమురు ఎందుకు చిట్లదు?

ముడిచమురు స్వేదనం (మరిగించి భాగాలుగా విడదీయడం) గురించి చదువుతూ ఒక సందేహం దగ్గర ఆగిపోయాను. తెలిసినవారు దయచేసి వివరించగలరు. కొలిమిలో సుమారు 350 నుంచి 370 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కిన చమురు స్వేదన స్తంభంలోకి, అంటే లోపల అంతస్తులుగా తట్టలున్న ఎత్తైన గోపురంలోకి, చేరాక తేలికపాటి భాగమైన నాఫ్తా ఆవిరిగా పైకి పోతుందని, కిరోసిన్, డీజిల్ మధ్య తట్టల మీద ద్రవంగా మారి పక్క గొట్టాల్లోంచి వస్తాయని అర్థమైంది. అంతకు మించి వేడిచేస్తే అణువులు చిట్లి, గొట్టాల లోపల బొగ్గులాంటి కోక్ పేరుకుంటుంది కాబట్టే అడుగున మిగిలిన చిక్కటి చమురును పీడనం బాగా తగ్గించిన రెండో స్తంభానికి పంపుతారట. విచిత్రమేమిటంటే, ఆ రెండో స్తంభపు కొలిమిలో వేడి దాదాపు 400 డిగ్రీలకు చేరుతుంది! పీడనం తగ్గితే మరిగే ఉష్ణోగ్రత తగ్గుతుంది గానీ అణువులు చిట్లే ఉష్ణోగ్రత తగ్గదు, పెరగదు కదా. మరి అక్కడ కోక్‌ను ఎలా అదుపు చేస్తున్నారు? నీటి ఆవిరి కలిపి చమురును గొట్టాల్లో ఎక్కువసేపు నిలవనీయకుండా తోసేయడమే చాలుతుందా?