సమస్యాపూరణం: "నీరు పోయఁ బోయ నీరసించె"

ఇచ్చిన సమస్య ఆటవెలది నాలుగో పాదం:

నీరు పోయఁ బోయ నీరసించె

స్లిప్పర్ ఆర్కిడ్ (చెప్పు ఆకారపు సంచి ఉన్న పువ్వు పూసే పాఫియోపెడిలమ్ మొక్క) పెంపకం గానీ, దాని పువ్వును ఫొటో తీయడం గానీ విషయంగా పూరించాలి. ఛందస్సుతోపాటు సాగు వివరాన్ని కూడా చూస్తాం.

మొదటి పూరణ

వేరు కుళ్ళ నాకు వేలాడె, దాహమం
చుఁ దలఁచి మఱి మఱియు జోరుగాను
గాలి చొరని కుండ గతి చెడ వేళ్ళకు
నీరు పోయఁ బోయ నీరసించె.

సమీక్ష: నీరు పోస్తే నీరసించడమనే విరోధాన్ని చక్కగా పరిహరించారు, అభినందనలు. పాఫియోపెడిలమ్‌కు నీరు దాచుకునే కాండపు గడ్డ ఉండదు. అందుకే వేరు పోయిందంటే ఆకు వాలిపోతుంది. కుండీలో మట్టికి బదులు వేసే బెరడు ముక్కల మధ్య సందుల్లో నీరు నిలిస్తే వేళ్ళకు ఆక్సిజన్ అందదు, కుళ్ళిన వేరు నీటిని పీల్చదు. దాహంతో వాలిన ఆకూ, వేరు కుళ్ళి వాలిన ఆకూ చూపుకు ఒకటే. తేడా తెలిసేది కుండీని చేత్తో ఎత్తినప్పుడే. బరువుగా ఉండి ఆకు వాలితే నీళ్ళు ఆపి మొక్కను బయటికి తీయాలి. గోధుమరంగు నూగు ఉన్నా వేరు నొక్కితే గట్టిగా ఉంటే బతికున్నట్టే. పైతొడుగు జారి లోపల దారం మిగిలితే మంటలో కాల్చి చల్లార్చిన బ్లేడుతో కోసేయాలి.

"కుళ్ళ నాకు" చదివేటప్పుడు "నాకు" అని వినిపిస్తోంది. "కుళ్ళి యాకు" అంటే?

కవి: "కుళ్ళి" అంటే కర్త ఒక్కటే కావాలండీ. ఇక్కడ కుళ్ళింది వేరు, వాలింది ఆకు. అందుకే "కుళ్ళన్" అన్నాను.

సమీక్ష: నిజమే, అలాగే ఉంచండి. మూడో పాదంలో "గాలి చొరని కుండ" అన్నారు కాబట్టి ఒక మాట. 6 నుంచి 12 మి.మీ. బెరడు నాలుగు పాళ్ళు, పెర్లైట్ (తేలికైన తెల్లటి ఖనిజపు గుళికలు) ఒక పాలు, బొగ్గు ముక్కలు ఒక పాలు కలిపితే గాలి ఆడుతుంది. ఎంత మంచి బెరడైనా ఒకటి రెండేళ్ళలో చివికి పొడై సందులు మూసుకుపోతాయి. పాత కుండీలో నీటి అలవాటు మార్చకపోయినా వేరు కుళ్ళేది ఇందుకే.

రెండో పూరణ

బెరడులోన నుప్పు పేరుకొన్న దెరువు
కలిపి పోయఁ గొనలు గమిలిపోయె
వట్టి నీటఁ గడుగు వాడుక లేకుండ
నీరు పోయఁ బోయ నీరసించె.

సమీక్ష: యతులు నిర్దోషం. బయట లవణాల గాఢత పెరిగితే వేరు నుంచే నీరు బయటికి పోతుంది. ఆకు కొన ముందు కమిలేది అందుకే. ఎరువు సీసా మీది మోతాదులో నాలుగో వంతు చాలు. నెలకోసారి కుండీ పరిమాణానికి రెండు మూడింతల వట్టి నీటిని పై నుంచి పోసి అడుగున కారిపోనివ్వాలి. పద్యం నేరమంతా ఎరువు మీదే వేసింది, కఠినజలమూ ఇదే పని చేస్తుంది.

మూడో పూరణ

సందె వేళ మొవ్వు జలమున నిండిన
తడి విడువక నడుమ నాకు కుళ్ళె;
వాసనెక్కి మచ్చ పాకెను, తెల్లారి
నీరు పోయఁ బోయ నీరసించె.

సమీక్ష: భావం గట్టిది. రెండో పాదంలో యతి తప్పింది: "త"కు "నా" చెల్లదు. "నడుమ దళము కుళ్ళె" అంటే త–ద మైత్రి కుదురుతుంది, గణమూ చెడదు.

కవి: సవరించాను, ధన్యవాదాలు.

సమీక్ష: నీరు ఉదయమే పోయాలి, మొవ్వులో నిలిస్తే కాగితం మొనతో అద్ది తీసేయాలి. నీరుకారే మచ్చ, దుర్వాసన కనిపిస్తే బాక్టీరియా కుళ్ళు. మచ్చ దాటి పచ్చగా ఉన్న భాగం వరకూ కోయాలి, ఆరనివ్వాలి. మొవ్వు పోయిన ఆకుల గుత్తి ఇక పూయదు. ఏ గుత్తి అయినా పూసేది ఒక్కసారే, అదీ నడుమనుంచే. ఆశంతా పక్క పిలక మీదే.

నాలుగో పూరణ

బొమ్మ దీయఁ జినుకు పూలపైఁ జిమ్మిరి;
చెప్పు నిండి యడుగు చివికిపోయె;
మచ్చ లెక్కి రేకు మడఁగెను, పువ్వుపై
నీరు పోయఁ బోయ నీరసించె.

సమీక్ష: సమస్యను ఫొటో వైపు తిప్పిన తీరు ఎంతో నచ్చింది. "చెప్పు" అన్న మాట ఇక్కడ అతికినట్టుంది; పాఫియోపెడిలమ్ పేరులోనే పాదరక్ష ఉంది. పురుగును పట్టి వెనకదారిన పుప్పొడి అంటించి పంపే సంచి అది. చినుకులు చిమ్మితే దిగి అందులోనే నిలుస్తాయి, తడి రేకుకు బూజుమచ్చ పడుతుంది. మెరుపు కావాలంటే నీరు అక్కర్లేదు, వెలుతురు చాలు.

ప్రశ్న: మరి వెలుతురు ఎలా పెట్టాలి?

సమీక్ష: పలుచని తెల్లటి తెర వేసిన కిటికీ ఒక పక్క, తెల్ల అట్ట రెండో పక్క. నేరు ఎండ, ఫ్లాష్ నునుపైన సంచి మీద తెల్లమచ్చ వేస్తాయి. సంచి ముందుకు పొడుచుకొస్తుంది, పై రక్షకపత్రం వెనక్కి ఉంటుంది. లెన్స్ రంధ్రం ఎఫ్ 4లో పెద్దగా తెరిచి ఉంటే రెండూ స్పష్టంగా రావు. ఎఫ్ 11 నుంచి 16 మధ్య ఉంచి, నడుమ డాలులా ఉండే స్టామినోడ్ (పుప్పొడి లేని కేసరం) మీద ఫోకస్ చేయాలి. ఎఫ్ 22కు వెళితే వివర్తనం (సన్నని రంధ్రం అంచున కాంతి వంగడం) వల్ల చిత్రమంతా మెత్తబడుతుంది. ట్రైపాడ్, ఐఎస్ఓ 100, రెండు సెకన్ల టైమర్, ఫ్యాను ఆపాలి. నల్లగుడ్డ పువ్వుకు ఒక మీటరు దూరం వెనక ఉంటే దాని మీద వెలుగు పడదు. కానీ నలుపు ఎక్కువైతే కెమెరా వెలుగును పెంచుతుంది, తెల్ల రక్షకపత్రంలో గీతలు వెలిసిపోతాయి. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ (అంటే సగానికి) తగ్గించండి. విచ్చిన రోజే తీయకుండా వారం ఆగితే పువ్వు నిండుగా విప్పారుతుంది. మొగ్గ దశ నుంచి కుండీని తిప్పకండి. మొగ్గ వెలుగు వైపు తిరుగుతూ కాడ మెలిపడితే కెమెరా ఎక్కడ పెట్టినా పువ్వు పక్కచూపే చూస్తుంది.