మంత్రగత్తె అంటే నల్లబట్టలేనా? డైరెక్టర్‌తో గొడవైంది, మీరే చెప్పండి

బొత్తాం_కాజా:
వైజాగ్‌లోనే ఉంటాను, సినిమాలకీ సీరియళ్లకీ బట్టలు డిజైన్ చేస్తాను, పెద్ద పేరేమీ లేదు. ఇప్పుడు చేతిలో ఒక జానపద ఫాంటసీ ఉంది. చిన్న బడ్జెట్, సగం భీమిలి రోడ్డులో సెట్టు, సగం గ్రీన్ మ్యాట్ (వెనక పచ్చగుడ్డ కట్టి, తర్వాత కంప్యూటర్‌లో బ్యాక్‌గ్రౌండు మార్చేది). కథ మా అమ్మమ్మ చెప్పిందే, విజయనగరం వైపుది. కొండమీద ఒంటిస్తంభం మేడలో ఒకావిడ ఉంటుంది, దారి తప్పినవాళ్లని పిలిచి కడుపునిండా అన్నం పెడుతుంది, చెయ్యి కడుక్కునేలోపు వాళ్లు చిలకలైపోతారు.

డైరెక్టర్ గారు నాకిచ్చిన స్కెచ్ ఇదీ: నల్ల లెహెంగా, తోలు పట్టీలు, బారెడు గోళ్లు, కళ్ల చుట్టూ బొగ్గు పూసినట్టు కాటుక, మెడనిండా "ట్రైబల్ జ్యువెలరీ", నడుమంతా బయటికి. నేనడిగింది ఒక్కటే, ఈ అవతారాన్ని చూసి ఎంత ఆకలేసినవాడైనా అన్నానికి కూర్చుంటాడా అని. "జనానికి అర్థం కావాలి కదా మేడం" అన్నారు. అమ్మమ్మ కథలో ఆవిడ బట్టల గురించి ఉన్నది ఒక్క ముక్కే, "పక్కింటి పిన్నిలాగే ఉంటాది, కొంగు చివర మాత్రం ఎప్పుడూ తడిగానే ఉంటాది" అని. అందుకే తెల్లచీర గీసుకెళ్లాను. నవ్వేశారు. శుక్రవారంలోపు తేల్చాలి, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

ఫస్ట్‌షో_బ్యాచ్:
ఏమీ అనుకోకండి మేడం, డైరెక్టర్ గారిదే కరెక్టు. నేను గాజువాకలో మొదటి ఆట చూసే బ్యాచ్. విలన్ దిగిందంటే ఒళ్లు జలదరించాలి. పిన్నిలా ఉంటే పిన్నే అనుకుని జనం సమోసాలకి లేచిపోతారు. పాతాళభైరవిలో నేపాళ మాంత్రికుణ్ణి చూడండి, తెరమీదకి రాగానే వీడు మంచోడు కాదని చంటిపిల్లాడిక్కూడా తెలుస్తుంది. నల్లబట్టలు పాతవే కానీ పనిచేస్తాయి. పనిచేసేదాన్ని ఎందుకు మార్చడం?

పరదా_వెనకాల:
బాబూ, మంచి ఉదాహరణే తెచ్చావు గానీ అది నీకే అడ్డం తిరుగుతుంది. పాతాళభైరవి 1951 నాటి బ్లాక్ అండ్ వైట్ సినిమా. ఎస్.వి. రంగారావు గారు కట్టింది ఏ రంగో హాల్లో కూర్చున్నవాడు ఒక్కడికీ తెలియదు. భయపెట్టింది ఆ గడ్డం, ఆ నిలబడే తీరు, ఆ గొంతు. రంగు కాదు.

నేను ముప్ఫై ఏళ్లు నాటకాలాడినవాణ్ణి, ఎక్కువసార్లు మేకప్పు కూడా నేనే వేసేవాణ్ణి, కాబట్టి కొంచెం సాగదీస్తాను, ఓర్చుకోండి. మాయలాడి వేషం ఎలా ఉండాలో మనవాళ్లు ఎప్పుడో ఆలోచించేశారు. భాగవతంలో పూతన రేపల్లెకి ఎలా వచ్చింది? కోరలతో రాలేదు. కొప్పులో మల్లెలు తురుముకుని, కుండలాలు పెట్టుకుని, నవ్వుకుంటూ వచ్చింది. గోపికలు సాక్షాత్తూ లక్ష్మీదేవే మొగుణ్ణి చూసుకోడానికి వచ్చిందనుకున్నారు, అందుకే ఎవరూ ఆపలేదు. కేరళలో కథాకళి చూడండి, రాక్షస స్త్రీలకి నల్ల వేషం ఉంది, కరి అంటారు. అదే పూతన లలిత అనే పేరుతో మాయరూపంలో వచ్చినప్పుడు మినుక్కు వేషం వేస్తారు, అంటే కులస్త్రీలకి వేసే సాదా వేషమే. రంగస్థలంమీద ఈ తేడా ఎన్నాళ్లనుంచో నడుస్తోంది. ఆంగికం, వాచికం, సాత్త్వికంతో పాటు ఆహార్యాన్ని, అంటే వేషధారణని కూడా అభినయంలో ఎందుకు లెక్కేశారంటావు? బట్ట కూడా అబద్ధం ఆడగలదు కాబట్టి.

ఫస్ట్‌షో_బ్యాచ్:
గురువుగారూ, నమస్కారం. కానీ ఆవిడ పూతన అని మనకి ముందే తెలుసు కదండీ. తెలుసు కాబట్టే ఆ మల్లెపూలు చూస్తే భయం. ఈ సినిమాలో ఆవిడెవరో జనానికి ఏం తెలుసు? పేరు కూడా లేదు. అబద్ధమని తెలియాలంటే ఎక్కడో ఒకచోట నిజం కనబడాలి కదా, అది మీరు చూపించండి, అప్పుడు నేను ఒప్పుకుంటా.

పరదా_వెనకాల:
హమ్. ఇది మంచి ప్రశ్నే. భోంచేసి వచ్చి చెప్తాను.

మాడుగుల_హల్వా:
రంగు సంగతి మీరు మీరు తేల్చుకోండి. నాకు ఆ "ట్రైబల్ జ్యువెలరీ" దగ్గర ఆగిపోయింది. నేను పాడేరు పైన స్కూల్లో పదకొండేళ్లుగా పాఠాలు చెప్తున్నాను. మూడు ముక్కుపుడకలు, మెడలో కంటెలు మా పిల్లల నాయనమ్మలు రోజూ పెట్టుకునేవి, సంతకి వచ్చినప్పుడు, థింసా ఆడినప్పుడు, మామూలుగా ఇంట్లో ఉన్నప్పుడు కూడా. వాటిని తీసుకెళ్లి మంత్రగత్తె మెడలో వేస్తే ఏమవుతుందో ఊళ్లో కూర్చున్నవాళ్లకి తెలియకపోవచ్చు. మా వైపు చిల్లంగి, అంటే చేతబడి, అన్న ఒక్క మాట మీద మనుషుల్ని కొట్టి చంపిన సంగతులు పేపర్లో చదివే ఉంటారు. ఎవరింట్లోనో బిడ్డకి జ్వరం తగ్గదు, పక్కింట్లో ఒంటరి ముసలామె మీద పడతారు. అవతల ఒడిశా వాళ్లు దీనికోసం 2013లో ప్రత్యేకంగా చట్టమే తెచ్చుకున్నారు. సినిమా చూసి ఎవడో కత్తి పట్టుకుంటాడని నేననట్లేదు. కానీ మంత్రగత్తె ఎలా ఉంటుందంటే పిల్లాడి బుర్రలో మావాళ్ల చీర, మావాళ్ల కంటె రాకూడదు. అంతే.

ఫస్ట్‌షో_బ్యాచ్:
మేడం, ఇది నేను ఆలోచించలేదు. కంటెలు తీసేయండి.

బొత్తాం_కాజా:
తీసేశాను. స్కెచ్‌లోంచి రబ్బరుతో చెరిపేశాను కూడా. ఆయనకి ఈ మాట మీరు చెప్పినట్టే చెప్తాను, థాంక్సండీ. మరి తెల్లచీర?

కంచరపాలెం_గట్టు:
తెల్లచీర వద్దు. గట్టిగా చెప్తున్నా. మా పెద్దత్తయ్యకి ఇరవైయారేళ్లకే మావయ్య పోయాడు, బతికినన్నాళ్లూ తెల్లచీరే. సాయంత్రం వీధిలోకి వస్తే పిల్లలు "దెయ్యం, దెయ్యం" అని పరిగెత్తేవాళ్లు, అందులో నేనూ ఒకణ్ణి. వాళ్లకది ఎవరు నేర్పారు? మన సినిమాలే, జుట్టు విరబోసి తెల్లచీర కట్టి దీపం పట్టుకుని నడిపించి. నల్లది పాతబడిందని ఇంకో పాతదాన్ని తెస్తే ఏం లాభం. పైగా ఒంటరి ఆడది, కొండమీద ఇల్లు, తెల్లచీర... పై మేడం గారు చెప్పిన ముసలామె కాదూ ఇది?

బొత్తాం_కాజా:
దీనికి నా దగ్గర జవాబు లేదు. నేను స్వచ్ఛంగా కనబడుతుందని గీశాను, ఈ వైపునుంచి చూడనేలేదు. అదీ పోయింది. అంటే ఇప్పుడు నా దగ్గర లెహెంగా లేదు, చీరా లేదు, శుక్రవారం ఉంది.

ఏయూ_మెట్లు:
అక్కా, ఆ నడుము సంగతి ఎవరూ అనలేదేంటి? హీరోయిన్‌కి నిండా బట్టలు, విలన్‌కి సగం. చెడ్డది అనడానికి మనవాళ్లకి తెలిసిన ఏకైక గుర్తు అదే.

జాలారిపేట_గాలి:
అలా అని నిండా కప్పేస్తే మాత్రం మంచితనమా చెల్లీ? మోహం కూడా ఒక శక్తే, దాన్ని చూపిస్తే తప్పేంటి.

ఏయూ_మెట్లు:
తప్పని ఎవరన్నారు, మోహంతో లాగే కథైతే పెట్టుకోండి. ఈవిడ అన్నంతో లాగుతుంది. చూపించాల్సింది వడ్డించే చెయ్యి. గాజులు, పిడికిలి, బొడ్లో దోపిన కొంగు.

అక్కా, ఇంకో మాట. నేను థియేటర్ ఆర్ట్స్ చదువుతున్నా. 2005లో వచ్చిన నార్నియా సినిమాలో మంచురాణి తలమీద కిరీటం మంచుదే, ఆవిడ బలం తగ్గుతున్నకొద్దీ అది కరిగి చిన్నదవుతూ ఉంటుంది. డైలాగు ఏమీ ఉండదు. మీ కథలో ఆవిడకి ఇది తిరగేయొచ్చు. చిలకలు పెరిగేకొద్దీ ఆవిడ బట్టలో పచ్చదనం పెరగాలి. ఎలాగంటే, జీరంగి రెక్కలతో! చిన్నప్పుడు అగ్గిపెట్టెలో పెట్టి తుమ్మాకులు మేపేవాళ్లం చూడండి, అవే. బట్టమీద ఆ రెక్కలు కుట్టడం మన దేశంలో మొఘలుల కాలంనుంచీ ఉన్న పనే. 1888లో లండన్‌లో ఎలెన్ టెర్రీ అనే నటి లేడీ మాక్‌బెత్ వేసినప్పుడు ఆమె గౌనుకి దాదాపు వెయ్యి రెక్కలు కుట్టారు, ఇప్పటికీ ఆ గౌను పచ్చగా మెరుస్తూనే ఉంది, ఎందుకంటే అది అద్దిన రంగు కాదు, రెక్క పొరల్లో వెలుగు విరిగి పుట్టే రంగు. చిలకపచ్చే, కానీ కదిలితే నీలం కొడుతుంది.

డాబాగార్డెన్స్_మాస్టర్:
ఇరవైరెండేళ్లనుంచి మగ్గం వర్కు చేయిస్తున్నాను, సినిమావాళ్లవి కూడా కుట్టాను, డబ్బులు రావాల్సినవి ఇంకా ఉన్నాయి, అది వేరే కథ. అమ్మా, ఐడియాలు బాగున్నాయి, కొన్ని విషయాలు చెప్తాను.

గ్రీన్ మ్యాట్ ముందు పచ్చ రంగు కట్టిస్తే కంప్యూటర్‌వాళ్లు బ్యాక్‌గ్రౌండుతో పాటు మీ రెక్కల్ని కూడా లేపేస్తారు, ఒంటికి చిల్లులు పడ్డట్టు ఉంటుంది. ముందే చెప్పి ఆ సీన్లకి నీలం మ్యాట్ కట్టించుకోండి, అప్పుడు రెక్కలు నీలం కొట్టకుండా చూసుకోవాలి. మెరిసేది ఏదైనా వెనకున్న మ్యాట్ రంగుని పట్టేస్తుంది, అదీ చూసుకోవాలి. నిజం రెక్కలు వద్దు, పురుగుల్ని చంపారంటారు, పైగా పటుక్కున విరుగుతాయి. ప్లాస్టిక్ గోళ్లు దొరుకుతాయి కదా, డైరెక్టర్ గారు ఎలాగూ బారెడు గోళ్లు అడిగారు, వాటినే రెక్క ఆకారంలో కత్తిరించి ఆటోనగర్‌లో కార్లకి కొట్టే రంగుమారే పెయింటు కొట్టించండి. రవికకి మాత్రమే పెట్టండి, చీరకొద్దు.

లెహెంగా సంగతి. నిండా మగ్గం వర్కు చేస్తే ఎనిమిది పది కిలోలు తూగుతుంది. మన సముద్రం గాలిలో మే నెలలో ఆ అమ్మాయి కిందపడిపోతుంది. రోప్ షాట్లు ఉన్నాయంటే లోపల హార్నెస్ పట్టాలి, లెహెంగాలో గాల్లోకి లేపితే గొడుగులా తెరుచుకుంటుంది. కచ్చపోసి కట్టిన చీరైతే రెండు కాళ్లూ విడిగా ఉంటాయి, పట్టీలు లోపల దాగుతాయి, పాతకాలం కథకి సరిపోతుంది కూడా.

ఇక నలుపు. రాత్రి సీన్లో నలుపు కట్టిస్తే తల ఒక్కటే తేలుతూ కనబడుతుంది, మీ పనితనం అంతా గోవిందా. కెమెరామెన్లే వద్దంటారు, ముదురు నీలమో ముదురు గోధుమ రంగో ఇమ్మంటారు. తెలుపైనా అంతే, లైటుకి మరీ తెల్లగా పేలిపోయి కనబడుతుందని మేం టీ డికాషన్‌లో ముంచి ఇస్తాం.

ఫస్ట్‌షో_బ్యాచ్:
మాస్టారూ, సూపర్. కానీ నా ప్రశ్న అలాగే ఉంది. జనానికి ఎక్కడ తెలుస్తుంది? గురువుగారు భోంచేసి ఇంకా రాలేదు.

అన్నట్టు మేడం, మీరు మొదట రాశారు చూడండి, కొంగు తడిగా ఉంటుందని. ఎందుకండీ తడి?

బొత్తాం_కాజా:
తెలీదండీ. మేమూ అడిగేవాళ్లం. "మీరే ఆలోచించండి, పడుకోండి" అని లైటు తీసేసేది అమ్మమ్మ. మా అన్నయ్య అనేవాడు, వచ్చినవాళ్లందరి మూతులూ ఆ కొంగుతోనే తుడుస్తుందిరా అని.

ఫస్ట్‌షో_బ్యాచ్:
ఓలమ్మో. రాత్రి రెండింటికి చదివాను ఇది. వంటింట్లోకి మంచినీళ్లకి వెళ్లాలి, వెళ్లట్లేదు.

పరదా_వెనకాల:
వచ్చాను బాబూ, నిద్రపోయాను నిన్న. చూశావా, నువ్వడిగిన నిజం మొదటి పోస్టులోనే ఉంది, ఎవరం చూడలేదు, నేనూ పూతనని మోసుకుంటూ తిరిగాను. పిన్నిలా ఉన్నావిడ వడ్డిస్తూ వంగుతుంది, కొంగు విస్తరి పక్కన నేలమీద రాసుకుంటుంది, తడి మరక పడుతుంది. బాటసారి చూడడు, ప్రేక్షకుడు చూస్తాడు.

ఫస్ట్‌షో_బ్యాచ్:
ఇంటర్వెల్‌కి ఆ కొంగు చివర్నుంచి ఒక్క చుక్క పడాలి. సౌండుతో. ఈల నేనేస్తా.

డాబాగార్డెన్స్_మాస్టర్:
అలాగైతే రంగు దానంతటదే తేలిపోయింది కదమ్మా. నల్లబట్టమీద తడి కనబడదు. పసుపో, ఇటుక రంగో నేత చీర తీసుకోండి, తడిసినమేర రెండు షేడ్లు దిగి కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. పట్టు వద్దు, నీళ్ల మరకలు పడి షాటు షాటుకీ మారిపోతుంది. నీళ్లలో గ్లిజరిన్ కలిపి స్ప్రే కొడితే లైట్ల వేడికి తొందరగా ఆరదు.

కంచరపాలెం_గట్టు:
పసుపు బాగుంది. ముత్తయిదువ రంగు. పెద్దత్తయ్యని మాత్రం ఎవరూ తలుచుకోరు దాన్ని చూసి.

బొత్తాం_కాజా:
అప్‌డేట్. నిన్న పూర్ణా మార్కెట్ దగ్గర నాలుగొందల్లో పసుపు కాటన్ చీర కొని మేడమీద టెస్ట్ చేశాను. నల్ల చున్నీ, పసుపు కొంగు, రెండింటికీ ఒకేలా గ్లిజరిన్ నీళ్లు కొట్టి ఫోన్‌లో వీడియో తీసి పంపాను, ఒక్క ముక్క కూడా రాయలేదు. నలుపులో ఏమీ లేదు. పసుపులో అంచునుంచి జానెడు మేర ముదిరి, అక్కణ్ణుంచి మెల్లగా పైకి పాకుతోంది. ఆ పాకడం నేను అనుకోలేదు, బట్ట దానంతటదే పీల్చుకుంది.

ఇందాక డైరెక్టర్ గారి ఫోన్. లెహెంగా మాటే ఎత్తలేదు. క్లైమాక్స్‌కల్లా ఆ తడి భుజందాకా రావాలి, ఇలాంటి చీరలు ఎన్ని కావాలి అన్నారు.

డాబాగార్డెన్స్_మాస్టర్:
ఆరు చెప్పండి. డూప్‌కి వేరేగా రెండు. అన్నీ ఒకే రోజు, ఒకే తొట్లో అద్దించండి, లేకపోతే పసుపు ఒక్కోటి ఒక్కోలా వస్తుంది. అడ్వాన్స్ తీసుకున్నాకే మొదలుపెట్టండి.