పూర్వ విద్యార్థుల సంఘం ఎన్నికలు: చేతులెత్తడమా, ఆన్‌లైన్ ఓటా?

పెన్నాగట్టు: సంక్రాంతి సమావేశంలో చేతులెత్తి కమిటీని ఎన్నుకోవడం ఇక చాలు. జీవిత సభ్యులందరికీ ఆన్‌లైన్ ఓటు, పదేళ్ల బ్యాచ్‌లకి ఒక ప్రతినిధి అని తీర్మానం పెడదాం. పండక్కి సింహపురి ఎక్స్‌ప్రెస్‌లో బెర్త్ దొరికినోడికే ఓటు, మిగతావాళ్లు చందా కట్టి కూర్చోవాలంటే ఎట్లా?

ఒంగోలుగిత్త: ఓటీపీ ఏ నంబరుకొస్తుంది? సభ్యుల రిజిస్టర్లో సగం పాత ల్యాండ్‌లైన్ నంబర్లే.

పెన్నాగట్టు: నంబర్లు మార్చుకోవచ్చన్నా, అదో పెద్ద పనా?

ఒంగోలుగిత్త: ఎవరు మారుస్తారు, ఎవరు సరిచూస్తారు? పైగా బైలా (సంఘం నియమావళి) మార్చకుండా గ్రూపులో లింకు పెట్టి ఓటెయ్యమంటే చెల్లదు. 2001 సొసైటీల చట్టం కింద కమిటీ జాబితా జిల్లా రిజిస్ట్రార్‌కి ఇవ్వాలి. రేపు ఎవరైనా సంఘం తగాదాల మీదున్న 23వ సెక్షన్ పట్టుకుని జిల్లా కోర్టుకెళ్తే వాయిదాలకి తిరిగేది ఇక్కడున్న మేమే, మీరు కాదు.

సింగరాయకొండ: నా సభ్యత్వం ఫారం ఫోటో సరిగా లేదని తిప్పి పంపారు. అదే రోజు కోశాధికారి బావమరిదికి రసీదు ఇచ్చారు. ముందు అది తేల్చండి.

కావలి_సీనియర్: ఫోటోకీ ఎన్నికలకీ ఏం సంబంధం అబ్బయ్యా!

పెన్నాగట్టు: ఉంది సార్. ఓటర్ల జాబితా రాసేది కమిటీ, ఆ కమిటీని ఎన్నుకునేది ఆ జాబితా. ఇన్నేళ్లుగా ఆ ఐదారుగురే కుర్చీలు మార్చుకుంటున్నారు, డబ్బు మాత్రం బయట నుంచి రావాలి.

ఒంగోలుగిత్త: అదీ, అసలు మాట బయటికొచ్చింది. డబ్బిచ్చాం కాబట్టి కుర్చీ మాది అంటావు. తుఫానుకి హాస్టల్ రేకులు లేచిపోతే నిచ్చెన ఎక్కింది ఎవరు? నువ్వు ఫోన్‌లో దండం బొమ్మ పెట్టావు.

పెన్నాగట్టు: కుర్చీ ఎవడిక్కావాలి? స్కాలర్‌షిప్పు పిల్లల్ని ఎవరు ఎంచుతున్నారో చెప్పండి చాలు. కొత్తపట్నం వైపు పడవల మీద బతికే ఇళ్ల పిల్లలు ఒక్కరూ జాబితాలో లేరు, కమిటీవాళ్ల వీధి పిల్లలు ఉన్నారు.

ఒంగోలుగిత్త: వాళ్లు దరఖాస్తు పెట్టలేదు.

పెన్నాగట్టు: నోటీసు ఎక్కడ అంటించారు? సంఘం ఆఫీసు తలుపు లోపలి వైపు!

కావలి_సీనియర్: ఎంపికకి కమిటీ బయటి మాస్టార్లని ముగ్గుర్ని పెడితే మీ ఇద్దరికీ సమ్మతమేనా?

ఒంగోలుగిత్త: పెట్టండి, నాకేం? కానీ ఓటీపీకి మాత్రం ఒప్పుకోను.

సింగరాయకొండ: నా ఫారం?