‘లేకుంటే’, ‘లేకున్నా’: యాప్ జాబితాకు ఏ మాటలు పనికివస్తాయి?

సభ్యులందరికీ నమస్కారం. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌లో అడ్తి వ్యాపారం (రైతుల సరుకును కమీషన్ మీద అమ్మించడం) చేసే మిత్రుడొకరు కొత్తగా చేయించుకుంటున్న మొబైల్ యాప్‌లో ఏ సదుపాయాలు ఉండాలో తేల్చే పట్టికకు, ‘మస్ట్, షుడ్, కుడ్, వోంట్’ అన్న నాలుగు శీర్షికలకు తెలుగు పేర్లు అడిగారు. ‘తప్పనిసరి, అవసరం, ఐచ్ఛికం, అనవసరం’ అన్న వరుస చాలామందికి నచ్చినట్టుంది. చదవడానికి అది బాగానే ఉంది గాని, దానితో జాబితా తెగదని నా అభిప్రాయం.

సదుపాయాలను ప్రాధాన్యాన్ని బట్టి ఇలా నాలుగుగా విడదీసే పద్ధతిని డై క్లెగ్ 1994లో రూపొందించారు. దాని బలం మొదటి రెండు శీర్షికల మధ్య ఉన్న తేడాయే. మన క్రియలో ఆ తేడా కనబడదు. ‘తక్‌పట్టీ (సరుకు అమ్మకం లెక్క రాసిన చీటీ) ఫోన్‌కు రావాలి’ అన్నా, ‘రంగులు కంటికి ఇంపుగా ఉండాలి’ అన్నా అదే ‘ఆలి’. మన వైపు పలుకుబడిలో అయితే అదే ‘ఆలె’. ‘ఏమేం ఉండాలె?’ అని అడిగితే ఏ వ్యాపారి అయినా అన్నీ ఉండాలనే చెబుతాడు. ముందు ‘కచ్చితంగా’ అని చేర్చినా లాభం లేదు. ఆ మాట అడిగేవాడి పట్టుదలను తెలుపుతుందే గాని, అది లేకపోతే పని ఆగుతుందో లేదో తెలుపదు.

అదే వ్యాపారి తన గుమస్తాతో మాట్లాడేటప్పుడు మాత్రం ‘అది లేకుంటే నడ్వదు’ అనో, ‘అది లేకున్నా నడుస్తది’ అనో స్పష్టంగా అంటాడు. బడిలో మనం చేదర్థకం (‘అయితే’ అనే షరతు), అప్యర్థకం (‘అయినా’ అనే అర్థం) అని చదువుకున్న రూపాలే ఇవి. కనుక పట్టిక శీర్షికలుగా నామవాచకాలకు బదులు ఈ రెండు వాక్యాలనే పెట్టుకోవాలన్నది నా సూచన.

తక్‌పట్టీనే చూడండి. ఎన్ని బస్తాలు, ఎంత తూకం, ఏ ధర, హమాలీకి ఎంత, దడువాయికి (తూకం వేసేవాడికి) ఎంత, చివరికి రైతు చేతికి వచ్చేదెంత అన్నవన్నీ ఆ ఒక్క కాగితం మీద ఉంటాయి. అది లేకుంటే నడవదు. రైతు ముందుగా తీసుకున్న బాకీల పద్దు కూడా అంతే, నెట్ అందనప్పుడు సైతం ఆ పద్దు రాసుకునే వీలు కూడా అంతే. యాప్ వాడినందుకు ఇచ్చే పాయింట్లు, పండుగ శుభాకాంక్షలు, యాప్‌లోనే ముచ్చట్లు పెట్టుకునే ఏర్పాటు లేకున్నా నడుస్తుంది. ఇంతవరకు చిక్కేమీ లేదు.

చిక్కంతా ‘ఈరోజు ధర’ దగ్గర వస్తుంది. మిర్చికి జెండా పాటలో (మార్కెట్‌లో రోజూ మొదట జరిగే వేలంలో) పలికే ధర మేలైన ఒక లాటుకు పలికిన ధర. తెర మీద ఆ ఒక్క అంకెనే చూపితే, తాలు (రంగు పోయిన నాసి కాయలు) కలిసిన బస్తాలు తెచ్చిన రైతు కూడా తనకు అంతే వస్తుందని ఆశపడి వచ్చి, కాంటా దగ్గర అడ్తిదారుతో పంచాయితీకి దిగుతాడు. మార్కెట్ ధరలు చూపే కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైటు అగ్‌మార్క్‌నెట్ వలె కనిష్ఠ, గరిష్ఠ ధరలతో పాటు ఎక్కువ సరుకు ఏ ధరకు అమ్ముడైందో కూడా చూపగలిగితేనే ఈ సదుపాయం పెట్టాలి. పై రెండు వాక్యాలలో ఏదీ దీనికి సరిపోదు. దీనికి ‘ఉంటేనే లొల్లి’ అన్న మూడో శీర్షిక కావాలి. (శిష్టవ్యావహారికం కోరేవారు ‘ఉంటే చిక్కు’ అని రాసుకోవచ్చు, కాని వ్యాపారికి మొదటిదే వెంటనే ఎక్కుతుంది.) ఫోన్‌లోని నంబర్లన్నీ చూడటానికి అనుమతి అడగడం కూడా ఈ శీర్షిక కిందికే వస్తుంది, తక్‌పట్టీ చూపడానికి ఆ నంబర్లతో పనేమిటని అనుమానించిన రైతు యాప్‌నే తీసేస్తాడు.

‘లేకుంటే’ తెలంగాణకే పరిమితమవుతుందని, ‘లేకపోతే, లేకపోయినా’ అంటే అందరికీ తెలుస్తుందని ఈ చర్చలో ఒకరు రాశారు. అర్థంలో తేడా లేదు. వాడేవారు ఎనుమాముల వారు కనుక వారి మాటే ఉండనివ్వండి.

ఇక నాలుగో శీర్షికకు ‘అనవసరం’ అన్న మాట మాత్రం వద్దు. ఒక సదుపాయాన్ని కోరి అడిగిన భాగస్వామి పట్టికలో దాని పక్కన ఆ మాట చూస్తే చిన్నబుచ్చుకుంటాడు. ‘ఈసారికి వద్దు’ అని రాస్తే వచ్చే మిర్చి సీజను దాకా ఆగుతాడు.